బయోముల ప్రాజెక్టు

బయోముల ప్రాజెక్టు అనగా ఒక తరగతిలోని విద్యార్థులు చిన్న బృందాలుగా ఏర్పడి, ప్రపంచంలోని ప్రధాన బయోములను బృందానికి ఒకటి చొప్పున పంచుకొని, దాని శీతోష్ణస్థితి, నేల, వృక్షాలు, జంతువులు, అక్కడి ప్రజల జీవనము గురించి పరిశోధించి, తెలుసుకొన్న సంగతులను మిగిలిన తరగతికి బోధించే కార్యక్రమము. భూగోళశాస్త్రము, జీవశాస్త్రము రెండింటికీ చెందిన ఈ పని సాధారణంగా ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు చేయిస్తారు. పనికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. చివరకు చార్టు, నమూనా, ప్రసంగము, చిన్న పుస్తకము వంటి రూపాలలో ఫలితాన్ని ప్రదర్శిస్తారు. చూడడానికి సులువైన పనిలా కనిపించినా, ఇందులో విద్యార్థులు ఎదుర్కొనే ప్రశ్నలు కొన్ని నేటికీ శాస్త్రజ్ఞుల మధ్య వాదోపవాదాలకు కారణమవుతున్నవే.

పదము, నిర్వచనము

బయోమ్ అనే మాటకు గ్రీకు భాషలో ప్రాణము అని అర్థమిచ్చే 'బయోస్' మూలము. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ ఈ మాటను 1916లో వాడాడు. 1939లో క్లెమెంట్స్, జంతుశాస్త్రవేత్త విక్టర్ షెల్ఫర్డ్ కలసి వెలువరించిన 'బయో-ఎకాలజీ' అనే గ్రంథముతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. తెలుగులో దీనికి సరితూగే ఒకే మాట స్థిరపడలేదు. జీవమండలము అని వ్రాసేవారు ఉన్నారు గాని, భూమి మీది జీవమంతటినీ కలిపి చెప్పే బయోస్ఫియర్‌కు కూడా అదే మాట వాడడం వలన విద్యార్థులు తికమకపడతారు. అందువలన ఈ వ్యాసంలో బయోమ్ అనే మాటనే వాడడమైనది.

ఒకే విధమైన శీతోష్ణస్థితి ఉన్న చోట్ల, అవి వేరు వేరు ఖండాలలో ఉన్నప్పటికీ, మొక్కలు ఒకే విధమైన రూపాన్ని సంతరించుకొంటాయి. ఇటువంటి ప్రదేశాలన్నిటినీ కలిపి ఒక బయోమ్ అంటారు. ఇక్కడ ముఖ్యమైనది జాతి కాదు, రూపము. దీనికి తెలుగు నేల మీదనే చక్కని ఉదాహరణ ఉన్నది. పొలాల గట్ల మీద కనిపించే నాగజెముడు అమెరికా నుండి వచ్చిన కాక్టస్ కుటుంబపు మొక్క. బొంతజెముడు ఇక్కడిదే, యుఫోర్బియా కుటుంబానికి చెందినది. త్రుంచితే బొంతజెముడు నుండి పాలు కారతాయి, నాగజెముడు నుండి కారవు. రెంటికీ చుట్టరికము లేదు. అయినా రెండూ ఆకులను దాదాపుగా వదలుకొని, కాండములో నీరు నిలువ చేసుకొని, ముళ్ళు పెంచుకొన్నాయి. తెలుగువారు రెంటినీ 'జెముడు' అన్నారు. బయోమ్ అనే భావన కూడా సరిగా ఈ పద్ధతిలోనే, పుట్టుకను బట్టి గాక రూపాన్ని బట్టి, మొక్కల సముదాయాలకు పేరు పెడుతుంది.

ఈ ఆలోచన మాట కంటే పాతది. జర్మను అన్వేషకుడు అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ 1802లో ఆండీస్ పర్వతాలలోని చింబొరాజోను ఎక్కుతూ, క్రింద ఉష్ణమండలపు అడవి, పైకి పోను పోను పొదలు, గడ్డి, నాచు, చివరకు మంచు రావడం గమనించాడు. భూమధ్యరేఖ నుండి ధ్రువము వరకు పోతే కనిపించే వరుసే ఒక కొండ మీద నిలువుగా కనిపించింది. ఆ తరువాత వ్లాదిమిర్ కోపెన్ శీతోష్ణస్థితులను వర్గీకరించినపుడు హద్దులు గీయడానికి ఆధారంగా తీసుకొన్నది మొక్కలనే. అంటే శీతోష్ణస్థితి పటమూ బయోముల పటమూ ఒకదానికొకటి సరిపోవడంలో కొంత ముందే చేసిన ఏర్పాటు ఉన్నది. ఈ సంగతి పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు.

పద్ధతి పుట్టుక

పాఠశాలలో ప్రాజెక్టు ద్వారా నేర్పడం అనే పద్ధతికి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం కిల్‌పాట్రిక్ 1918లో వ్రాసిన వ్యాసము ప్రసిద్ధమైన మూలము. ఆయన జాన్ డ్యూయీ భావాలను అనుసరించినవాడు. భారతదేశంలో 1937నాటి వార్ధా సమావేశములో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ కూడా చేతిపని ద్వారా చదువు అనే సూత్రము మీదనే నిలచింది. అయితే దాని ఉద్దేశాలు వేరు.

బయోముల వంటి అంశాన్ని బృందాల మధ్య పంచే విధానానికి మాత్రము దగ్గరి పూర్వరూపము 'జిగ్సా' పద్ధతి. 1971లో టెక్సస్ రాష్ట్రములోని ఆస్టిన్ నగరంలో, అప్పటి వరకు వేరు వేరు బడులలో చదివిన తెల్లజాతి, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టవలసి వచ్చినపుడు ఘర్షణలు తలెత్తాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరాన్సన్, ఆయన విద్యార్థులు అక్కడి తరగతులను పరిశీలించి, పిల్లల మధ్య పోటీయే వైరాన్ని పెంచుతున్నదని గ్రహించారు. దానికి విరుగుడుగా పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చారు. వేరు వేరు బృందాలలో ఒకే ముక్క వచ్చినవారు ముందుగా ఒకచోట చేరి దానిని బాగా నేర్చుకొంటారు. తరువాత తమ తమ బృందాలకు తిరిగి వెళ్ళి మిగిలినవారికి చెబుతారు. ఎవరి ముక్క వారి దగ్గర మాత్రమే ఉంటుంది గనుక, తోటివాని మాట వినకపోతే పాఠము పూర్తి కాదు. బయోములు ఈ పద్ధతికి సహజంగా ఒదిగిన అంశము. ఒక్కొక్క బయోమ్ విడిగా చదువదగినంత సంపూర్ణము, అన్నీ కలిస్తే గాని భూగోళము పూర్తి కాదు.

భారతదేశంలో పర్యావరణ విద్యను పాఠశాలల్లో తప్పనిసరి చేయడానికి సుప్రీం కోర్టు 1991లో ఎం.సి.మెహతా వ్యాజ్యముపై ఇచ్చిన ఆదేశాలు ముఖ్య కారణము. బడి చదువును బయటి జీవితముతో కలపవలెనని 2005నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము సూచించింది. దానిని అనుసరించి ఎన్.సి.ఇ.ఆర్.టి. 2007లో వెలువరించిన ఏడవ తరగతి భూగోళ పుస్తకంలో అమెజాన్ అడవులు, ప్రెయిరీ, వెల్డ్ గడ్డి మైదానాలు, సహారా, లడఖ్ ఎడారులు పాఠాలుగా వచ్చాయి. తెలుగు రాష్ట్రాలలో 2010 దశకంలో అమలైన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి విడిగా మార్కులు కేటాయించడంతో ఇటువంటి పనులు గ్రామీణ బడులకు కూడా చేరాయి. 1993 నుండి దేశవ్యాప్తంగా జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుండి 17 సంవత్సరాల వయసు పిల్లలు తమ పరిసరాల మీద జట్లుగా పరిశోధన చేస్తారు.

ఎన్ని బయోములు

ఉపాధ్యాయునికి మొదటగా ఎదురయ్యే చిక్కు ఇదే. తరగతిలో నలభై మంది ఉంటే అయిదుగురు చొప్పున ఎనిమిది బృందాలు, కనుక ఎనిమిది బయోములు అని లెక్క వేయడం మామూలు. ప్రకృతి ఈ లెక్కను పాటించదు. బడి పుస్తకాలలో అయిదు మొదలు పది వరకు కనిపిస్తాయి. అమెరికా జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ వీటకర్ పేరుతో ప్రసిద్ధమైన చిత్రములో సాధారణంగా తొమ్మిది చూపుతారు. 2001లో డేవిడ్ ఓల్సన్, ఆయన సహచరులు ప్రపంచ వన్యప్రాణి నిధి కొరకు తయారు చేసిన పటములో నేల మీది బయోములు 14, వాటిలోని ఉపవిభాగాలైన పర్యావరణ ప్రాంతాలు 867. 2017లో సవరించిన పటములో ఆ ప్రాంతాలు 846 అయ్యాయి, బయోములు 14గానే ఉన్నాయి. సముద్రాలు, నదులు, సరస్సులు ఈ లెక్కలోనివి కావు.

విభజన ఎంచుకోవడమే ఒక నిర్ణయము. ఉదాహరణకు మధ్యధరా శీతోష్ణస్థితి గల పొదల బయోమ్‌ను తరగతులు తరచుగా వదలివేస్తాయి. మధ్యధరా తీరము, కాలిఫోర్నియా, చిలీ మధ్యభాగము, దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతము, ఆస్ట్రేలియా నైఋతి భాగము అనే అయిదు తావులలో మాత్రమే ఇది ఉన్నది. విస్తీర్ణములో భూతలంలో నూటికి రెండు వంతులు. అయినా ప్రపంచపు పుష్పించే మొక్కల జాతులలో దాదాపు అయిదవ వంతు ఇక్కడే ఉన్నాయి. విస్తీర్ణమును బట్టి బయోములను ఏరితే మొదట జారిపోయేది ఇదే.

రెండు అంకెలతో మొదలు

ప్రాజెక్టులో అన్నిటికంటే ఫలవంతమైన భాగము శీతోష్ణస్థితి చిత్రము గీయడం. బృందానికి ఒక ఊరి పేరు చెప్పకుండా, పన్నెండు నెలల సగటు ఉష్ణోగ్రత, వర్షపాతము మాత్రమే ఇస్తారు. ఉష్ణోగ్రతను గీతగా, వర్షపాతాన్ని కడ్డీలుగా గీసి, ఆ ఊరు ఏ బయోమ్‌లో ఉండవచ్చునో వారు ఊహించాలి. సంవత్సర సగటు ఉష్ణోగ్రతను ఒక అక్షము మీద, సంవత్సర వర్షపాతాన్ని మరొక అక్షము మీద గుర్తించి, ఆ బిందువు ఏ గడిలో పడుతుందో చూసే వీటకర్ చిత్రము ఇందుకు ఉపయోగపడుతుంది.

ఇక్కడే పిల్లలకు ఆసక్తి కలిగించే చిక్కులు మొదలవుతాయి. లండన్ నగరానికి సంవత్సరానికి సుమారు 600 మిల్లీమీటర్ల వర్షము పడుతుంది. అనంతపురానికి సుమారు 550. అంకెలు దాదాపు సమానము. కాని లండన్ పరిసరాలలో మనుషులు నరకక ముందు ఉన్నది ఓక్ వంటి వెడల్పాకు చెట్ల అడవి, అనంతపురంలో ఉన్నది ముళ్ళపొదలు, గడ్డి. కారణము తెలుసుకోవాలంటే కురిసిన నీటిని గాక, మిగిలిన నీటిని లెక్కించాలి. అనంతపురపు ఎండకు ఆవిరయ్యే నీరు ఎక్కువ, పైగా వాన కొద్ది నెలలలోనే పడుతుంది. జర్మను శాస్త్రవేత్త హైన్‌రిక్ వాల్టర్ ప్రచారంలోకి తెచ్చిన చిత్రములో దీనికి తేలికైన ఉపాయము ఉన్నది. 10 డిగ్రీల సెల్సియస్‌కు 20 మిల్లీమీటర్లు సమానమయ్యేటట్లు రెండు అక్షాలను గీస్తే, ఉష్ణోగ్రత గీత వర్షపాతము కంటే పైన ఉన్న నెలలు ఎండు నెలలు. లండన్‌కు అటువంటి నెల ఒక్కటీ రాదు. అనంతపురానికి కనీసం సగం నెలలు అటువంటివే.

సైబీరియాలోని యాకుత్స్క్ నగరము ఇంకొక చిక్కు తెస్తుంది. సంవత్సర వర్షపాతము 250 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎడారి అని పుస్తకాలలోని సూత్రము. యాకుత్స్క్‌కు సుమారు 240 మిల్లీమీటర్లే పడుతుంది, కాని నగరము చుట్టూ దట్టమైన అడవి. చలి వలన ఆవిరి తక్కువ, క్రింద శాశ్వతంగా గడ్డకట్టిన నేల నీటిని లోపలికి ఇంకనీయదు. వేసవిలో కరిగిన పైపొరలోని తేమతో చెట్లు బ్రతుకుతాయి. సూత్రాన్ని బట్టీయం వేసిన బృందము ఇక్కడ తప్పు చెబుతుంది, చిత్రము గీసిన బృందము కారణము వెదకుతుంది.

బృందాల పని

టైగా వచ్చిన బృందము సాధారణంగా 'ఎల్లప్పుడూ పచ్చగా ఉండే శంఖాకారపు చెట్లు' అని వ్రాస్తుంది. కెనడాకు, ఫిన్లాండుకు ఇది సరిపోతుంది. తూర్పు సైబీరియాలో మాత్రము అడవి అంతా లార్చ్ చెట్లు. అవి శంఖాకారపు చెట్లే అయినా, శీతాకాలములో సూదుల వంటి ఆకులను రాల్చివేస్తాయి. ఆ ప్రాంతములోని వెర్ఖోయాన్స్క్‌లో 1892లో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైంది. అదే ఊరిలో 2020 జూన్ 20న 38 డిగ్రీలు నమోదైంది. తెలుగు నేల మీది వేసవి వేడి ధ్రువవృత్తానికి పైన ఉన్న ఊరికి చేరిన ఈ సంఘటన తరువాత టైగా, టుండ్రాల పాఠాన్ని శీతోష్ణస్థితి మార్పుతో కలపకుండా చెప్పడం సాధ్యము కాదు.

ఎడారి బృందము చార్టు మీద ఇసుక దిబ్బ, ఒంటె, ఖర్జూరపు చెట్టు దాదాపు తప్పనిసరి. నిజానికి సహారాలో ఇసుక పరచుకొన్నది సుమారు నాలుగవ వంతు మాత్రమే, మిగిలినది రాళ్ళు, గులకలు, కొండలు. ఒంటె మూపురములో ఉన్నది నీరు కాదు, కొవ్వు. లేహ్ పట్టణానికి సంవత్సరానికి సుమారు 100 మిల్లీమీటర్ల వర్షపాతమే గనుక మంచుతో కప్పబడే లడఖ్ కూడా ఎడారియే. అంటార్కిటికా లోపలి భాగము మరింత పొడిగా ఉంటుంది.

ఉష్ణమండల వర్షారణ్యము వచ్చినవారికి సమాచారానికి కొదవ ఉండదు. ఎన్నుకోవడమే కష్టము. అమెజాన్ పరీవాహక ప్రాంతములో సుమారు 39,000 కోట్ల చెట్లు, 16,000 జాతులు ఉండవచ్చునని 2013లో అంచనా వేశారు. ఆశ్చర్యకరమైన సంగతి ఏమనగా, ఆ చెట్లలో సగము కేవలం 227 జాతులకు చెందినవి. ఇంత పచ్చదనానికి నేల సారవంతమై ఉండాలని పిల్లలు ఊహిస్తారు. కాని పోషకాలలో ఎక్కువ భాగము నేలలో గాక చెట్లలోనే ఉంటుంది, రాలిన ఆకు కుళ్ళగానే వేళ్ళు తిరిగి పీల్చుకొంటాయి. చెట్లు నరికి తగులబెట్టిన పొలములో కొద్ది సంవత్సరాలకే పంట తగ్గిపోవడానికి ఇదే కారణము.

సమశీతోష్ణ గడ్డి మైదానాలు దీనికి సరిగ్గా తలక్రిందులు. ఇక్కడ సంపద అంతా నేల క్రింద ఉన్నది. ప్రెయిరీ గడ్డి వేళ్ళు రెండు మీటర్ల కంటే లోతుకు పోతాయి, అవి చచ్చి కుళ్ళి వేల సంవత్సరాలలో నల్లని సారవంతమైన నేలను తయారు చేశాయి. ఉక్రెయిన్, అమెరికా గోధుమ పొలాలు ఈ నేల మీదివే. అందువలననే ఈ బయోమ్ ఎక్కువగా నాగలి క్రిందికి పోయింది. ఉత్తర అమెరికాలోని పొడవుగడ్డి ప్రెయిరీలో మిగిలినది నూటికి నాలుగు వంతుల కంటే తక్కువ. 1930 దశకంలో అమెరికా మైదానాలలో వచ్చిన కరువు కాలములో, వేళ్ళ పట్టు పోయిన నేల దుమ్ము తుఫానులుగా లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14నాటి తుఫాను పగటిని రాత్రిగా మార్చింది.

టుండ్రా బృందాలు చేసే పొరపాటు ఒకటి అన్ని దేశాలలోనూ కనిపిస్తుంది. తెల్ల ఎలుగుబంటి పక్కన పెంగ్విన్ బొమ్మ అతికించడం. మొదటిది ఉత్తర ధ్రువ ప్రాంతానిది, రెండవది దక్షిణార్ధగోళానిది.

బృందాలు కలిసినపుడు

విడివిడిగా చదివిన బయోములు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న సంగతి ప్రదర్శన రోజున బయటపడుతుంది. దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ సహారా, అమెజాన్‌ల సంబంధము. చాద్ దేశములోని బొడెలె పల్లము ఒకప్పటి సరస్సు అడుగు. అక్కడి దుమ్ము గాలితో లేచి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి దక్షిణ అమెరికా చేరుతుంది. 2007 నుండి 2013 వరకు ఉపగ్రహము సేకరించిన సమాచారము ఆధారంగా 2015లో వెలువడిన అధ్యయనము ప్రకారము, అమెజాన్ ప్రాంతము మీద సంవత్సరానికి సగటున 2.77 కోట్ల టన్నుల దుమ్ము పడుతుంది. అందులో సుమారు 22,000 టన్నుల భాస్వరము ఉన్నది. వానలకు, వరదలకు అమెజాన్ నేల పోగొట్టుకొనే భాస్వరము కూడా ఇంచుమించు అంతే. ఎడారి బృందము తమ చార్టులో 'పనికిరాని దుమ్ము' అని వ్రాసినది వర్షారణ్య బృందానికి ఎరువు అని తేలడం తరగతిలో మరచిపోలేని ఘట్టము కాగలదు.

బయోములను ఒకే కప్పు క్రింద నిర్మించి చూడాలనే కోరిక పిల్లలకే పరిమితము కాలేదు. అమెరికాలోని ఆరిజోనాలో నిర్మించిన బయోస్ఫియర్-2 అనే అద్దాల కట్టడములో వర్షారణ్యము, సవన్నా, పొగమంచు ఎడారి, మడ అడవి, పగడపు దిబ్బతో కూడిన చిన్న సముద్రము ఏర్పాటు చేసి, 1991 సెప్టెంబరు 26న ఎనిమిది మంది లోపల తాళము వేసుకొన్నారు. రెండు సంవత్సరాలు బయటి గాలి లేకుండా బ్రతకడం వారి లక్ష్యము. ప్రాణవాయువు 20.9 శాతము నుండి సుమారు 14 శాతానికి పడిపోయింది. 1993 జనవరిలో బయటి నుండి ప్రాణవాయువు పంపవలసి వచ్చింది. సేంద్రియ పదార్థము ఎక్కువగా కలిపిన నేలలోని సూక్ష్మజీవులు దానిని పీల్చివేశాయి. వెలువడిన బొగ్గుపులుసు వాయువులో చాలా భాగాన్ని కట్టడపు కాంక్రీటు పీల్చుకొనడంతో అసలు కారణము కొంతకాలము దొరకలేదు. ఈ కట్టడము తరువాత ఆరిజోనా విశ్వవిద్యాలయము చేతికి వచ్చి పరిశోధనశాలగా మారింది.

సవన్నా అనే సమస్య

వీటకర్ చిత్రములో ఒక పెద్ద భాగము అనిశ్చితమైనది. అక్కడి ఉష్ణోగ్రత, వర్షపాతాలకు అడవి పెరగవచ్చు, గడ్డి కూడా నిలవవచ్చు. ఏది నిలుస్తుందో తేల్చేవి నిప్పు, మేసే జంతువులు, నేల. భూమి మీద నిప్పు అనేదే లేకపోతే దట్టమైన అడవి విస్తీర్ణము దాదాపు రెట్టింపు అవుతుందని విలియం బాండ్, ఆయన సహచరులు 2005లో కంప్యూటరు నమూనాతో చూపారు. అంటే గడ్డి ఉన్న చోటల్లా ఒకప్పుడు అడవి ఉండి, మనిషి నరికివేశాడని అనుకోవడానికి వీలు లేదు. అనేక సవన్నాలు మనిషి వ్యవసాయము నేర్వక ముందు నుండి సవన్నాలుగానే ఉన్నాయి.

ఇది కేవలం పండితుల వాదన కాదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ సహకారముతో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2000లో వెలువరించిన భారతదేశపు బంజరు భూముల అట్లాసులో పొదలున్న భూమి, పొదలు లేని భూమి, క్షీణించిన పచ్చిక బీళ్ళు అనేవి బంజరు వర్గాలుగా నమోదయ్యాయి. బంజరు అని పేరు పడిన భూమిలో చెట్లు నాటడం, కాలువలు త్రవ్వడం, పరిశ్రమలకు ఇవ్వడం అభివృద్ధిగా పరిగణింపబడుతుంది. తెలంగాణ మెట్ట ప్రాంతాలలో దక్కని గొర్రెల మందలను మేపి, వాటి ఉన్నితో గొంగళ్ళు నేసుకొన్న కురుమలకు ఆ భూమి బంజరు కాదు, మేత. ప్రపంచములో ఎక్కడెక్కడ ఎన్ని చెట్లు పెంచవచ్చునో లెక్కగట్టిన 2019నాటి ఒక ప్రసిద్ధ అధ్యయనము కూడా సవన్నాలను, గడ్డి భూములను ఖాళీ స్థలాలుగా లెక్కలో చేర్చిందని అనేకమంది శాస్త్రజ్ఞులు విమర్శించారు. బడిలో ఎనిమిదవ గడికి గడ్డి భూమి అని పేరు వ్రాసే బృందము ఈ తగవు మధ్యలో అడుగు పెడుతున్నది.

విమర్శలు

బృందపు పనిలో ఒకరు శ్రమించి అయిదుగురు మార్కులు పొందడం అన్ని చోట్లా ఉన్న ఫిర్యాదు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ త్రాడు లాగే ప్రయోగాలతో దీనిని ఏనాడో కొలిచాడు. 1913లో ప్రచురించిన ఆయన లెక్కల ప్రకారము ఎనిమిది మంది కలసి లాగినపుడు ఒక్కొక్కరి బలము ఒంటరిగా లాగిన దానిలో సగానికి పడిపోయింది. జిగ్సా పద్ధతిలో ప్రతివానికీ వేరు ముక్క ఇవ్వడం కొంత వరకు దీనికి మందు. ఒకరికి వర్షపాతము, ఒకరికి నేల, ఒకరికి ప్రజలు అని వ్రాతపూర్వకంగా పంచితే ఎవరి పని ఎంతో తెలుస్తుంది.

రెండవ విమర్శ మరింత గట్టిది. దుకాణములో కొన్న బొమ్మల చార్టు, థర్మోకోల్ ముక్కలు, తల్లిదండ్రుల చేతివ్రాత కలసి ప్రాజెక్టుగా చెల్లుబాటు కావడం సర్వసాధారణమైంది. స్థోమత ఉన్న ఇంటి పిల్లల నమూనా అందంగా ఉంటుంది, వారికే మార్కులు పడతాయి. శీతోష్ణస్థితి చిత్రానికి కావలసినది గళ్ళ కాగితము, పెన్సిలు మాత్రమే. అది ఎవరూ కొని తేలేనిది కూడా.

పటములలో చూపిన బయోములలో చాలా భాగము నేడు పటములోనే ఉన్నదని మూడవ విమర్శ. భూమి మీద మంచు లేని నేలలో ఎక్కువ భాగాన్ని మనుషులు ఏదో విధంగా మార్చివేశారు గనుక పల్లెలు, వరి పొలాలు, మేత భూములు, నగరాలు మొదలైనవాటినే 'మానవ బయోములు'గా లెక్కించాలని అమెరికాలోని ఎర్ల్ ఎల్లిస్, కెనడాలోని నవీన్ రామన్‌కుట్టి 2008లో ప్రతిపాదించారు. ఆ పటములో కృష్ణా, గోదావరి డెల్టాలకు అడవి రంగు ఉండదు.

తెలుగు నేల ఏ బయోమ్

అమెజాన్ గురించి అయిదు పుటలు వ్రాసిన విద్యార్థి తన ఊరు ఏ బయోమ్‌లో ఉన్నదో చెప్పలేకపోవడం తరచుగా జరుగుతుంది. జవాబు కూడా అంత తేలిక కాదు. సుమారు 800 మిల్లీమీటర్ల వర్షపాతము, 26 డిగ్రీలకు పైబడిన సగటు ఉష్ణోగ్రత గల హైదరాబాదు వీటకర్ చిత్రములో ఉష్ణమండల ఆకురాల్చు అడవి, సవన్నా అనే గడిలో పడుతుంది. ఓల్సన్ పటములో నల్లమల వంటి ప్రాంతాలు ఉష్ణమండల ఎండుటాకు అడవులకు చెందుతాయి. రాయలసీమలోని ముళ్ళపొదల భూములు 'దక్కను ముళ్ళపొదల అడవులు' అనే పేరుతో ఎడారులు, శుష్క పొదభూముల బయోమ్‌లో చేరాయి. భారతదేశపు అడవులకు ఛాంపియన్, సేఠ్‌లు 1968లో చేసిన వర్గీకరణలో 16 రకాల సమూహాలు ఉన్నాయి, దాని ప్రకారము ఇదే భూమికి మరొక పేరు. మూడు పటములను పక్క పక్కన పెట్టి తమ మండలము వరకు పోల్చి చూడడం పై తరగతులకు మంచి అభ్యాసము. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో శీతాకాలపు కొన్ని తెల్లవారుజాములలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పోవడం వలన దానిని ఆంధ్రా కాశ్మీరము అంటారు గాని, కొన్ని రాత్రుల చలికి బయోమ్ మారదు.

గడ్డి భూముల విలువకు నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు సాక్ష్యము. బట్టమేక పక్షి కొరకు 1988లో ఇక్కడ అభయారణ్యము ఏర్పాటు చేశారు. అరణ్యము అని పేరే గాని ఆ పక్షికి కావలసినది చెట్లు లేని గడ్డి నేల, కృష్ణజింకకు కూడా అంతే. కడప జిల్లా లంకమల ప్రాంతపు చిట్టడవులలో కలివికోడి కథ ఇంకా ప్రసిద్ధము. శాస్త్ర ప్రపంచానికి 1848లో పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత కనిపించక అంతరించినదని భావింపబడినది. 1986లో స్థానికుల సహాయముతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పరిశోధకులు దానిని తిరిగి కనుగొన్నారు. దాని నివాసము దట్టమైన అడవి కాదు, బట్టబయలు కూడా కాదు. ముళ్ళపొదలు, మధ్య మధ్య ఖాళీ నేల రెండూ తగుపాళ్ళలో ఉండాలి. పొదలు పూర్తిగా నరికితే పోతుంది, చెట్లు నాటి దట్టము చేసినా పోతుంది. తెలుగు గంగ కాలువ పని ఆ భూములలోకి వచ్చినపుడు వివాదము రేగి, చివరకు కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది.

కాకినాడ సమీపములోని కోరింగ మడ అడవులు ఈ లెక్కలు వేటికీ లొంగవు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ ప్రాంతములో వర్షపాతము, ఉష్ణోగ్రత చుట్టుపక్కల వరి పొలాలకు ఉన్నవే. చెట్టు రూపాన్ని అక్కడ నిర్ణయించేవి రోజుకు రెండు సార్లు వచ్చి పోయే ఆటుపోట్లు, నీటిలోని ఉప్పు, ఊపిరాడని బురద. అందుకే మడ చెట్ల శ్వాసవేళ్ళు బురదలో నుండి పైకి పొడుచుకొని వస్తాయి. ఓల్సన్ పటములో మడ అడవులు విడిగా ఒక బయోమ్. వీటకర్ చిత్రములో వాటికి గడి లేదు.